సీసాలో మొలవని క్రిములు

1911 ఫిబ్రవరి 21న న్యూయార్క్ కార్నెగీ హాల్లో గుస్తావ్ మాలర్ జ్వరంతోనే వేదిక ఎక్కాడు. ఆ మహా సంగీతకర్త వాద్యబృందాన్ని నడిపించిన ఆఖరి కచేరీ అది. ఆయన గుండె కవాటాల్లో లోపం ఉందని 1907లోనే డాక్టర్లు పసిగట్టారు. ఇప్పుడు విడవని జ్వరం తోడైంది. మౌంట్ సినాయ్ ఆసుపత్రిలో పనిచేసే ఇమాన్యుయెల్ లిబ్‌మన్‌కు కబురు వెళ్లింది. ఆ రోజుల్లో ఈ జబ్బును లోతుగా ఎరిగిన కొద్దిమందిలో ఆయన ఒకడు. లిబ్‌మన్ సహాయకుడు జార్జ్ బేర్ వచ్చి మాలర్ చేతి నుంచి రక్తం తీసి, క్రిములు పెరిగే పోషక పదార్థంలో కలిపాడు. కొద్ది రోజుల్లో అందులో స్ట్రెప్టోకాకస్ గుంపులు మొలిచాయి. దాచకుండా నిజం చెప్పమని మాలర్ అడిగాడు. చెప్పారు. క్రిమి పేరు తెలిసింది గాని దాన్ని చంపే మందు భూమ్మీద ఎక్కడా లేదు. మే 18న వియన్నాలో ఆయన కన్నుమూశాడు. అప్పటికి వయసు యాభై.

మరో ముప్పై మూడేళ్లకు, 1944లో, బ్రూక్లిన్ వైద్యుడు లియో లోవే పెన్సిలిన్‌తో వరసగా ఏడుగురు రోగులను గట్టెక్కించినట్టు ప్రకటించాడు. అంతవరకూ ఎండోకార్డైటిస్, అంటే గుండె లోపొరకు, ముఖ్యంగా కవాటాలకు పట్టే ఇన్‌ఫెక్షన్, వచ్చిందంటే ఆశ వదులుకోవలసిందే. ఇవాళ మాలర్ ఒంట్లోని క్రిమిని చంపగల మందులు జిల్లా ఆసుపత్రిలో కూడా దొరుకుతాయి. అయినా ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరినవాళ్లలో దాదాపు ఐదోవంతు మంది ఇంటికి తిరిగి రావడం లేదు. అందుకు కారణాలు చాలా ఉన్నాయి. ఈ అధ్యాయంలో చెప్పబోయేది వాటిలో ఒక్కదాని గురించే. మాలర్ కాలంలో క్రిమి కనపడేది, మందు లేదు. ఇప్పుడు కొందరు రోగుల విషయంలో మందు ఉంది, క్రిమి కనపడదు.

ముందు కవాటం సంగతి చూద్దాం. గుండెలో నాలుగు కవాటాలున్నాయి. పలుచని రేకులతో రోజుకు దాదాపు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న కవాటం నున్నగా ఉంటుంది. రక్తంలో కొట్టుకొచ్చే క్రిమికి దానిమీద పట్టు దొరకదు. మనం పళ్లు తోముకున్నప్పుడు కూడా చిగుళ్ల నుంచి కొన్ని బాక్టీరియా రక్తంలోకి జారుతుంటాయి. కాలేయం, ప్లీహం వాటిని కాసేపట్లోనే ఏరిపారేస్తాయి. కవాటం ముందే దెబ్బతిని ఉన్నప్పుడు వస్తుంది చిక్కు. చిన్నతనంలో గొంతునొప్పితో మొదలై కీళ్లకు, ఆపైన గుండెకు పాకిన రుమాటిక్ జ్వరం కావచ్చు. పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు. వయసు మీదపడి రేకుల మీద పేరుకున్న కాల్షియం కావచ్చు. ఆపరేషన్ చేసి అమర్చిన కృత్రిమ కవాటం కావచ్చు. అలాంటి చోట రక్తం సుడి తిరుగుతుంది, లోపొర గీసుకుపోతుంది, ఆ గీత మీద ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ పోగులు పేరుకుంటాయి. దారిన పోయే క్రిమి ఒకటి దానికి అంటుకుంటుంది. దానిమీద మళ్లీ ఫైబ్రిన్ పొర. మళ్లీ క్రిములు. ఎకో పరీక్షలో తెరమీద చూస్తే కవాటం అంచున చిన్న తునక ఒకటి ప్రతి స్పందనకూ అటూ ఇటూ ఊగుతూ కనిపిస్తుంది. డాక్టర్లు దాన్ని వెజిటేషన్ అంటారు. అది గ్రాము బరువుంటే అందులో వందకోట్లకు పైగా క్రిములు ఉండవచ్చు. కవాటం రేకులకు సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు కనుక మన తెల్లకణాలు లోపలికి చొరబడలేవు. మందు కూడా మెల్లగా ఇంకవలసిందే. నాలుగు నుంచి ఆరు వారాల పాటు నరం ద్వారా యాంటీబయాటిక్ ఎక్కించడం అందుకే.

ఆ తునక నుంచి ముక్కలు ఊడి మెదడుకు పోతే పక్షవాతం; మూత్రపిండాలకు, ప్లీహానికి పోతే అక్కడ పుండ్లు. గోళ్ల కింద సన్నని ఎర్రటి చారలు, వేళ్ల కొసల్లో నొప్పి పెట్టే చిన్న గడ్డలు, బరువు తగ్గడం, సాయంత్రం పూట జ్వరం. 1885లో విలియం ఆస్లర్ లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ జబ్బును గుర్తుపట్టడం ఎంత కష్టమో వివరించాడు. వేలికొసల్లోని ఆ గడ్డలను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఎక్కువ కేసుల్లో దోషులు మనకు తెలిసినవే: స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్, ఎంటెరోకాకస్. వీటిని పట్టుకునే పద్ధతి, అంటే బ్లడ్ కల్చర్, మాలర్ నాటిదే, పరికరాలు మెరుగయ్యాయంతే. వేరువేరు నరాల నుంచి మూడుసార్లు రక్తం తీస్తారు. ప్రతిసారీ రెండు సీసాలు నింపుతారు. పెద్దవాళ్లకైతే సీసాకు దాదాపు పది మిల్లీలీటర్లు. ఆ సీసాలను శరీర ఉష్ణోగ్రత దగ్గర ఉంచే యంత్రంలో పెడతారు. లోపల క్రిములు పెరిగి కార్బన్ డయాక్సైడ్ వదిలితే యంత్రం పసిగట్టి హెచ్చరిస్తుంది. ఐదు రోజులు చూస్తారు. అప్పటికీ ఏమీ మొలవకపోతే 'నో గ్రోత్' అని రిపోర్టు వస్తుంది. దేశాన్ని బట్టి, ఆసుపత్రిని బట్టి ఎండోకార్డైటిస్ రోగుల్లో నూటికి ఇద్దరు ముగ్గురి నుంచి ముప్పైమంది దాకా ఈ రిపోర్టు అందుకుంటారు.

ఎందుకు మొలవలేదు? మొట్టమొదటి కారణం అరుదైన క్రిమి కానే కాదు. మన ఊళ్లలో జ్వరం కథ ఎలా నడుస్తుందో మీకు తెలుసు. మొదట ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది. తగ్గకపోతే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు మూడు రోజులు. వైడాల్ పరీక్షలో టైఫాయిడ్ అని తేలిందంటే సెలైన్‌తో పాటు ఇంకో వారం ఇంజెక్షన్లు. జ్వరం తగ్గినట్టే తగ్గుతుంది. మందు ఆపిన కొన్నాళ్లకు మళ్లీ తిరగబెడుతుంది. ఆ అరకొర మందు వెజిటేషన్ పైపొరలోని క్రిములను చంపింది, లోపలివాటిని వదిలేసింది. రక్తంలో తిరిగే క్రిముల సంఖ్య పడిపోవడంతో పెద్దాసుపత్రిలో తీసిన సీసాలో మామూలు స్ట్రెప్టోకాకస్ కూడా మొలవదు. చేజేతులా సాక్ష్యాన్ని చెరిపేసుకోవడమంటే ఇదే. మన దేశంలో ఈ ఖాళీ రిపోర్టుల్లో చాలా భాగం ఇలా తయారైనవేనని నా గట్టి నమ్మకం.

రెండో కారణం, సీసాలోని తిండి క్రిమికి సరిపడకపోవడం. 1961లో ఫ్రెంకెల్, హర్ష్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక వింత స్ట్రెప్టోకాకస్‌ను వర్ణించారు. మామూలు పోషక పలక మీద అది పెరగదు. కానీ అదే పలక మీద స్టాఫిలోకాకస్‌ను ఒక గీతగా గీసి ఉంచితే, మర్నాటికి ఆ గీతకు అటూ ఇటూ మాత్రమే సూదిమొన అంత చుక్కలు కనిపిస్తాయి. గీతకు దూరంగా పలకంతా ఖాళీ. స్టాఫిలోకాకస్ వదిలే విటమిన్ బి6 రూపం ఒకటి దీనికి కావాలి; సొంతంగా తయారుచేసుకోలేదు. ఇప్పుడు వీటిని అబియోట్రోఫియా, గ్రాన్యులికటెల్లా అంటున్నారు. మన నోట్లోనే ఉంటాయి. సీసాలోకి రోగి రక్తమే ఆ విటమిన్‌ను మోసుకొస్తుంది కనుక అక్కడ మొలిచి, యంత్రం హెచ్చరించాక పలక మీదికి మార్చగానే మాయమవుతాయి. అనుభవం ఉన్న టెక్నీషియన్ అప్పుడు గీత గీసి చూస్తాడు. లేనివాడు ఏదో పొరపాటు జరిగిందనుకుని వదిలేస్తాడు. నోట్లో, గొంతులో ఉండే మరో ఐదు జాతుల బాక్టీరియాను కలిపి హాసెక్ గుంపు అంటారు. మెల్లగా పెరుగుతాయని వీటికి పాతకాలం నుంచి చెడ్డపేరు. ఇప్పటి యంత్రాలు ఐదు రోజుల్లోనే పట్టేస్తున్నాయి, సెఫ్‌ట్రయాక్సోన్‌కు బాగా లొంగుతాయి. వాటితో పేచీ లేదు.

అసలు పేచీ మూడో రకంతో. మామూలు కల్చర్ సీసాల్లో దాదాపు ఎప్పుడూ మొలవనివి. ఎందుకంటే అవి బతికేది మన కణాల లోపల.

1935లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో కబేళా పనివాళ్లకు వరసగా జ్వరాలు వచ్చాయి. విచారణకు వచ్చిన వైద్యుడు ఎడ్వర్డ్ డెరిక్‌కు తెలిసిన ఏ జ్వరంతోనూ అవి కలవలేదు. ప్రశ్నార్థకంగా ('క్వెరీ'గా) మిగిలింది కనుక 'క్యూ జ్వరం' అని రాసుకున్నాడు. నమూనాలను మెల్‌బోర్న్‌లోని మెక్‌ఫర్లేన్ బర్నెట్‌కు పంపాడు. బర్నెట్, మేవిస్ ఫ్రీమన్ కలిసి ఆ క్రిమిని బయటపెట్టారు. అదే కాలంలో అమెరికాలోని మోంటానాలో పిడుదుల నుంచి హెరాల్డ్ కాక్స్, గోర్డన్ డేవిస్ ఒక క్రిమిని వేరుచేశారు. ఆ ప్రయోగశాలను చూడటానికి 1938లో వెళ్లిన రోలా డయర్ అనే శాస్త్రవేత్త తానే జ్వరంతో పడ్డాడు. ఆ జబ్బును పరిశీలించినప్పుడే బ్రిస్బేన్ క్రిమి, మోంటానా క్రిమి ఒకటేనని తేలింది. కాక్స్, బర్నెట్ ఇద్దరి పేర్లూ కలిపి దానికి కాక్సియెల్లా బర్నెటీ అని పేరు పెట్టారు.

మేకలు, గొర్రెలు, పశువులు దీని నివాసం. ఈనేటప్పుడు మాయలో ఈ క్రిములు లెక్కకు మిక్కిలిగా ఉంటాయి. మాయ ఎండి ధూళిలో కలిశాక కూడా నెలల తరబడి చావవు. గాలితో పాటు వెళ్తాయి. మనిషికి సోకడానికి గుప్పెడు క్రిములు కూడా అక్కర్లేదు, పదిలోపే చాలు. 2007 నుంచి 2010 వరకు నెదర్లాండ్స్‌లో పాడిమేకల పెంపక కేంద్రాల నుంచి ఇది చుట్టుపక్కల ఊళ్లకు పాకి, నాలుగు వేలమందికి పైగా రోగులుగా నమోదయ్యారు. మేకను ఎన్నడూ ముట్టుకోనివాళ్లకు కూడా వచ్చింది. చివరికి అక్కడి ప్రభుత్వం యాభై వేలకు పైగా చూలు మేకలను చంపించింది.

సోకినవాళ్లలో సగం మందికి పైగా ఏ బాధా తెలియదు. మిగిలినవాళ్లలో ఎక్కువమందికి ఫ్లూ లాంటి జ్వరం వచ్చి పోతుంది. కానీ నూటికి ఐదుగురిలోపు మందిలో క్రిమి పోదు. కవాటంలో లోపం ఉన్నవాళ్లు, కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు ఈ కొద్దిమందిలో ముందుంటారు. నెలలకో ఏళ్లకో గుండె జబ్బుగా బయటపడుతుంది. కవాటం మీద తునక చాలా చిన్నగా ఉంటుంది, కొన్నిసార్లు ఎకోలో అసలు కనిపించదు. జ్వరం కూడా అంతంతమాత్రం. రోగి ఆయాసంతో వస్తాడు, కవాటం చెడిపోయింది అంటారు, మార్చేస్తారు. క్రిమి కొత్త కవాటాన్ని కూడా పడుతుంది.

ఇలాంటి క్రిమిని పట్టుకోవాలంటే దాన్ని పెంచనక్కర్లేదు, దానిమీద శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను కొలిస్తే చాలు. ఒక ప్రత్యేక రకం యాంటీబాడీ రక్తాన్ని 800 రెట్లు పలచన చేసినా కనిపించిందంటే అది కాక్సియెల్లా ఎండోకార్డైటిస్‌కు బలమైన సాక్ష్యం. 1994లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు ఈ జబ్బు నిర్ధారణకు ఒక కొలబద్ద తయారుచేశారు. 2000లో దాన్ని సవరించినప్పుడు ఈ పరీక్షను ప్రధాన ఆధారాల్లో చేర్చారు. వైద్యం ఇంకా ఆసక్తికరం. ఈ క్రిమి తెల్లకణం లోపల, మామూలు క్రిములు చచ్చిపోయే ఆమ్ల సంచిలో హాయిగా కాపురం ఉంటుంది. ఆ ఆమ్లంలో డాక్సీసైక్లిన్ మందు బలం తగ్గుతుంది. అందుకని దానితో పాటు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తారు, మలేరియాకు, కీళ్లజబ్బులకు వాడే ఆ మాత్రే. అది సంచిలోని ఆమ్లాన్ని తగ్గిస్తుంది, డాక్సీసైక్లిన్ పని మొదలవుతుంది. సొంత కవాటమైతే కనీసం పద్దెనిమిది నెలలు, కృత్రిమ కవాటమైతే రెండేళ్లు మింగాలి. ఒక సూక్ష్మజీవి ఇంటి వాతావరణాన్ని మార్చి దాన్ని చంపడం వైద్యశాస్త్రం సాధించిన అందమైన విజయాల్లో ఒకటని నేననుకుంటాను.

బార్టొనెల్లా కథ పేదరికం కథ. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో బురదలో నెలల తరబడి బట్టలు మార్చుకోలేని సైనికులకు ఐదురోజులకోసారి తిరగబెట్టే జ్వరం వచ్చేది. దాన్ని ట్రెంచ్ ఫీవర్ అన్నారు. బట్టల కుట్లలో దాగే చీరపేల విసర్జన గోకుడు పుండ్లలోంచి ఒంట్లోకి దిగితే వస్తుంది. యుద్ధం ముగిశాక అందరూ దాన్ని మరిచిపోయారు. 1995లో ఫ్రాన్స్ వైద్యులు ఇల్లూ వాకిలీ లేని ముగ్గురు మనుషుల కవాటాల్లో అదే క్రిమిని, బార్టొనెల్లా క్వింటానాను, పట్టుకున్నారు. అమెరికాలోని సియాటిల్ వీధుల్లో పడుకునేవాళ్ల రక్తంలో కూడా అప్పుడే దొరికింది. క్రిమి ఎక్కడికీ పోలేదు. చలికి ఉన్న బట్టలన్నీ ఒంటిమీద వేసుకుని పడుకునేవాళ్ల దగ్గరే ఉంది. దాని దాయాది బార్టొనెల్లా హెన్సెలే పిల్లుల్లో ఉంటుంది. పిల్లి బొచ్చులో గెంతే చిన్న పురుగుల ద్వారా పిల్లి నుంచి పిల్లికి, గోళ్ల గీతల ద్వారా మనిషికి చేరుతుంది.

బార్టొనెల్లా పట్టిన కవాటం తరచు బాగా చెడిపోయాకే బయటపడుతుంది. ఇది ఇంకో మోసం కూడా చేస్తుంది. మూత్రంలో రక్తం, ప్రొటీన్ పోవడం, శరీరం తనమీద తానే తిరగబడిన జబ్బుల్లో కనిపించే యాంటీబాడీలు రక్తంలో తేలడం వంటివి చూసి మూత్రపిండాల జబ్బేనని స్టెరాయిడ్లు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ఇన్‌ఫెక్షన్ ఉన్న మనిషికి స్టెరాయిడ్లు ఇస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. మూత్రపిండాల డాక్టరు ఒక్కసారి స్టెతస్కోపు గుండెమీద పెట్టి చెడిన కవాటం చేసే అదనపు శబ్దం విని, ఇంట్లో పిల్లి ఉందా అని అడగడం వల్ల ఒక ప్రాణం నిలబడవచ్చు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ. 1907లో అమెరికన్ వైద్యుడు జార్జ్ విపుల్ ఒక రోగి శవపరీక్ష చేశాడు. చనిపోయింది కూడా ఒక డాక్టరే, మతప్రచార సంస్థ తరఫున పనిచేసినవాడు, వయసు ముప్పై ఆరు. ఏళ్ల తరబడి కీళ్లనొప్పులు, విరేచనాలు, చిక్కిపోవడం. పేగు కణజాలానికి వెండి రంగు పట్టించి చూస్తే సన్నని పుల్లల్లాంటి ఆకారాలు కనిపించాయి. అవి జబ్బుకు కారణమని విపుల్ తేల్చలేకపోయాడు. తరువాత ఆయన వేరే పరిశోధనకు నోబెల్ బహుమతి పొందాడు. ఆ పుల్లలు మాత్రం ఎనభై అయిదేళ్లు పేరులేకుండా ఉండిపోయాయి. ఎవరు ఎన్నిసార్లు పెంచబోయినా పెరగలేదు.

1970లలో కార్ల్ వోజ్ అనే శాస్త్రవేత్త, ప్రతి జీవకణంలో ఉండే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను పోల్చి జీవుల వంశవృక్షం గీయవచ్చని చూపించాడు. బాక్టీరియాలో ఆ ఆర్‌ఎన్‌ఏను తయారుచేయించే జన్యువును 16ఎస్ అంటారు. అందులో కొన్ని భాగాలు అన్ని బాక్టీరియాలోనూ ఒకటే; కొన్ని భాగాలు జాతికొక తీరు. ఉమ్మడి భాగాన్ని పట్టుకుని లాగి, తేడా ఉన్న భాగాన్ని చదివితే క్రిమిని పెంచకుండానే దాని జాతి తెలుస్తుంది. 1992లో డేవిడ్ రెల్మన్ బృందం ఇలాగే విపుల్ పుల్లల జాతిని చదివింది. ట్రోఫెరిమా విపులీ అన్న పేరు పెట్టింది. పేరొచ్చింది గాని ఇంకా పెంచలేదు.

పెంచింది మార్సే నగరంలోని దిదియే రావుల్ ప్రయోగశాల, 2000లో. వాళ్లకు ఆ క్రిమి దొరికింది పేగులో కాదు, ఒక ఎండోకార్డైటిస్ రోగి గుండె నుంచి కోసి తీసిన కవాటంలో. మనిషి కణాలను గాజుపాత్రలో పెంచి, వాటిమీద కవాటం గుజ్జు వేసి, వారాలు, నెలలు ఓపికపట్టారు. మొదట్లో అది ఒకటి రెండు కావడానికే పద్దెనిమిది రోజులు పట్టింది. మామూలు ఈ.కోలికి ఇరవై నిమిషాలు పడుతుంది. 2003లో దాని జన్యుపటం మొత్తం చదివినప్పుడు రహస్యం విడింది. చాలా అమైనో ఆమ్లాలను తయారుచేసుకునే జన్యువులు దానికి లేనేలేవు. ఆ లోటు చూసి, లేని అమైనో ఆమ్లాలన్నీ కలిపి ఒక ద్రవం తయారుచేస్తే, మనిషి కణాల సాయం లేకుండానే పెరిగింది. ఒక జీవి తన ఆకలిని జన్యువుల్లో రాసి పెట్టుకోవడం, దాన్ని చదివి మనం వడ్డించడం, తొంభై ఆరేళ్ల వెతుకులాట అలా కొలిక్కి రావడం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ క్రిమి పట్టిన గుండె రోగికి చాలాసార్లు జ్వరమే ఉండదు. ఏళ్లనాటి కీళ్లనొప్పులు మాత్రం ఉంటాయి. అందుకే నిర్ధారణ ఎక్కువగా ఆపరేషన్ తరువాతే. ఇక్కడ ఆపరేషన్ థియేటర్లో జరిగే ఒక చిన్న పని గురించి చెప్పాలి. కోసి తీసిన కవాటాన్ని అలవాటుగా ఫార్మలిన్ సీసాలో వేస్తారు. ఫార్మలిన్ పడితే ఇక అందులో ఏ క్రిమీ పెరగదు, డీఎన్‌ఏ కూడా ముక్కలవుతుంది. కవాటంలో ఒక ముక్కను ముందే శుభ్రమైన డబ్బాలో వేరుగా పెట్టి 16ఎస్ పరీక్షకు, కల్చర్‌కు పంపడానికి పట్టేది నిమిషం. ఆ నిమిషం దొరకనందువల్ల ఎన్ని కవాటాలు తమ కథ చెప్పకుండానే పోయాయో. 2023లో డ్యూక్ కొలబద్దను మళ్లీ సవరించినప్పుడు ఇలాంటి జన్యుపరీక్షలకు, బార్టొనెల్లా యాంటీబాడీలకు చోటిచ్చారు.

అప్పుడప్పుడు క్రిమిని ఆపరేషనే తెచ్చిపెడుతుంది. 2010 తరువాతి ఏళ్లలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో, గుండె ఆపరేషన్ అయిన చాలా కాలానికి కొందరు రోగులకు జ్వరం, చిక్కిపోవడం మొదలయ్యాయి. వాళ్ల కవాటాల్లో క్షయ క్రిమికి దూరపు చుట్టమైన మైకోబాక్టీరియం కైమీరా దొరికింది. ఆరా తీస్తే ఆపరేషన్ సమయంలో రక్తాన్ని వెచ్చబరిచే, చల్లబరిచే యంత్రం నీటితొట్టిలో తేలింది. యంత్రం ఫ్యాను ఆ నీటి తుంపరలను గాలిలోకి, అక్కడి నుంచి తెరిచి ఉన్న ఛాతీలోకి చేరవేసింది. తరువాత అనేక దేశాల్లో అదే బయటపడింది; ఆ యంత్రాల వాడకం తీరే మార్చారు.

ఇక మన గడ్డమీదికి వద్దాం, మాల్టా మీదుగా. 1887లో మాల్టా ద్వీపంలో బ్రిటిష్ సైనికుల ప్లీహంలో డేవిడ్ బ్రూస్ ఒక క్రిమిని కనిపెట్టాడు. అది ఎలా వస్తుందో 1905లో మాల్టా వైద్యుడు తెమిస్టొక్లీస్ జమిత్ తేల్చాడు: మేకపాల వల్ల. సైనికులకు పచ్చిమేకపాలు ఆపగానే జబ్బు పడిపోయింది. ఇప్పుడు దాన్ని బ్రూసెల్లా అంటున్నాం. పశువుల్లో ఇది చేసే నష్టాన్ని మన రైతులు 'ఈసుకుపోవడం' అంటారు. చూలుపశువు నెలలు నిండకముందే దూడను పడేస్తుంది. ఆ దూడను, మాయను వట్టిచేతులతో తీసే రైతుకు, గొల్లకు, పశువైద్య సిబ్బందికి, పచ్చిపాలు తాగే పిల్లలకు క్రిమి సోకుతుంది. ఎగుడుదిగుడు జ్వరం, రాత్రుళ్లు చెమటలు, నడుంనొప్పి. చూసినవాళ్లు టైఫాయిడ్ అనుకుంటారు, క్షయ అనుకుంటారు. గుండెకు పాకేది నూటికి ఇద్దరిలోపే. కానీ బ్రూసెల్లాతో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది ఆ ఇద్దరిలోపువాళ్లే. ఎక్కువగా మహాధమని కవాటాన్ని తినేస్తుంది. రెండు మూడు మందులు నెలల తరబడి వాడాలి, చాలామందికి కవాటం మార్చాలి. అనుమానం ఉంటే డాక్టరు ల్యాబ్‌కు ముందే చెప్పాలి, ఎందుకంటే పలకమీద పెరిగిన బ్రూసెల్లా టెక్నీషియన్ ఊపిరిలోకి వెళ్లి ఆయన్నే మంచాన పడేయగలదు.

ఈ జబ్బు వైద్యంలో మన భీమవరంలో పుట్టిన మనిషి చెయ్యి ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు అధిపతిగా ఉన్నప్పుడు, ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందు తీశాడు. 1948లో అది ఆరియోమైసిన్‌గా వచ్చింది. అదే ఏడు వెస్లీ స్పింక్ బృందం బ్రూసెల్లా రోగులకు ఇచ్చి గుణం చూపింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఆరియోమైసిన్ పెద్దకొడుకు. ఆ కుటుంబంలో తరువాత పుట్టిన డాక్సీసైక్లిన్ ఇవాళ కాక్సియెల్లా మీద, బార్టొనెల్లా మీద, విపుల్ క్రిమి మీద, బ్రూసెల్లా మీద, అన్నిటిమీదా నడుస్తోంది. ఖరీదైన మందు కాదు. ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. క్రిమి ఏదో తెలిస్తే చాలు.

తెలియాలంటే ఎవరో అడగాలి. ఏ పని చేస్తారు? ఇంట్లో మేకలున్నాయా, పిల్లి ఉందా? ఈ మధ్య ఏ పశువైనా ఈసుకుపోయిందా? పచ్చిపాలు తాగే అలవాటుందా? కీళ్లనొప్పులు ఎన్నాళ్లుగా? ఈ ప్రశ్నలకు ఖర్చు లేదు. కిక్కిరిసిన ఓపీలో రోగికి రెండు నిమిషాలు కూడా దక్కని చోట ఇవి అడగరు. అడగరు కనుక పరీక్ష రాయరు, పరీక్ష లేదు కనుక కేసు నమోదు కాదు, నమోదు కాదు కనుక ఈ క్రిములు మన దగ్గర లేవన్నట్టు నడిచిపోతుంది. మన దేశంలో మేకలు, గొర్రెలు, పశువులు ఉన్నన్ని, వాటితో ఒకే కప్పు కింద పడుకునే కుటుంబాలు ఉన్నన్ని ఇంకెక్కడా ఉండవేమో. ఇక్కడ ఇవి అరుదు అని వెతికి చూశాకే అనాలి, వెతక్కుండా అంటే నేను ఒప్పుకోను.

డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. పాలు కాచి తాగండి. ఈసుకుపోయిన పశువును గ్లవుజులు లేకుండా ముట్టుకోకండి, మాయను లోతుగా పాతిపెట్టండి. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా ఉచితంగా వేస్తున్నారు; వేయించండి. మీ ఇంట్లో ఎవరికైనా కవాటం జబ్బు గాని, మార్చిన కవాటం గాని ఉంటే, వాళ్ల ఆసుపత్రి ఫైలు అట్టమీద పెద్దక్షరాలతో ఒక్క వాక్యం రాసిపెట్టండి: 'జ్వరం వస్తే యాంటీబయాటిక్ వేసే ముందు బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయండి.' రక్తం తీయడానికి ఎంతో సేపు పట్టదు. ఆ వెంటనే మందు మొదలుపెట్టుకోవచ్చు.